వర్టిగోలో మళ్లీ మళ్లీ కనిపించే వివరాలు: ఏది సంకేతం, ఏది అలంకరణ?

కైలాసగిరి వాసి

విశాఖ సినిమా మిత్రులందరికీ నమస్కారం. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1958లో తీసిన వర్టిగోను మనలో చాలామంది ఈ మధ్య మళ్లీ చూశారు కాబట్టి, ఆ సినిమాలో పదేపదే ఎదురయ్యే రంగులు, వస్తువులు, ఆకారాలు, మాటల గురించి ఒకచోట రాసుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. కథలోని మలుపులన్నీ ఇక్కడ విప్పి మాట్లాడుకుంటాం గనుక, ఇంకా చూడనివారు సినిమా చూశాకే కిందికి చదవండి.

ఒక విన్నపం. ఆకుపచ్చ అంటే మృత్యువు, ఎరుపు అంటే ప్రమాదం అని ఒక్క మాటలో తేల్చేయవద్దు. ఏ వివరం గురించి రాసినా, అది మొదట ఏ సన్నివేశంలో వచ్చింది, ఎవరి కంట పడింది, తిరిగి వచ్చేసరికి దానిలో గానీ దాని చుట్టూ గానీ ఏమి మారింది అన్న మూడు సంగతులూ చెప్పండి.

కథ క్లుప్తంగా ఇది: గావిన్ ఎల్‌స్టర్ తన భార్య మేడలిన్‌ను చంపడానికి జూడీ అనే అమ్మాయిని మేడలిన్‌లా నటింపజేసి, ఎత్తంటే భయపడే స్కాటీని నమ్మిస్తాడు; స్కాటీ చూసే మేడలిన్, జూడీ ఇద్దరూ కిమ్ నోవాకే. ఆకుపచ్చతో నేనే మొదలుపెడతాను. మాజీ డిటెక్టివ్ స్కాటీ, అంటే జేమ్స్ స్టీవర్ట్, ఎర్నీస్ రెస్టారెంట్‌లో మేడలిన్‌ను మొదటిసారి చూసినప్పుడు చుట్టూ ఎర్రటి గోడలు, వాటి మధ్య ఆమె భుజాల మీద పచ్చటి శాలువా ఉంటాయి. ఆమె అతని పక్కగా వచ్చి ఒక్క క్షణం ఆగినప్పుడు వెనక గోడ ఎరుపు ఉన్నట్టుండి ప్రకాశిస్తుంది. ఆ తర్వాత అతను వెంబడించే ఆమె కారు ఆకుపచ్చ. సముద్రపు నీటిలోంచి ఆమెను కాపాడి తన ఇంటికి తెచ్చిన రాత్రి మాత్రం రంగులు చేతులు మారతాయి: పచ్చటి స్వెటర్ అతని ఒంటి మీద, ఎర్రటి గౌను ఆమె ఒంటి మీద ఉంటాయి. ఆమె చనిపోయిందని నమ్మి కుంగిపోయిన స్కాటీకి వీధిలో జూడీ ఎదురుపడేసరికి ఆమె బట్టలు మళ్లీ ఆకుపచ్చ. చివరికి జూడీ ఉండే హోటల్ గది కిటికీ బయట పచ్చటి నియాన్ బోర్డు వెలుగుతుంది. ఆ వెలుగులోంచే ఆమె మేడలిన్ రూపంలో నడిచి వస్తుంది. ఆ నియాన్ బోర్డు కోసమే ఆ హోటల్‌ను ఎంచుకున్నానని హిచ్‌కాక్ ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సంభాషణల్లో చెప్పారు కాబట్టి, ఇది మనం ఊహించుకున్న విషయమని ఎవరూ అనలేరు.

రంగుదారం

నమస్కారమండీ. నేను ఎంవీపీ కాలనీలో బట్టలు కుట్టే పని చేస్తాను, అందుకని నా కన్ను ఎప్పుడూ బట్టల మీదే ఉంటుంది. పచ్చ రంగు గురించి అందరూ రాస్తారు గానీ, కథను నడిపేది నిజానికి ఆ బూడిద రంగు సూటు. దుస్తులు రూపొందించిన ఈడిత్ హెడ్ దగ్గర కిమ్ నోవాక్ ఆ సూటు గురించి అయిష్టం వ్యక్తం చేశారనీ, దర్శకుడు మాత్రం ఆ రంగు మారడానికి వీల్లేదని పట్టుబట్టారనీ చెబుతారు. బంగారు జుట్టున్న మనిషికి బూడిద రంగు అంతగా నప్పదు, ముఖం వెలవెలబోయినట్టు కనిపిస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో పొగమంచులోంచి అప్పుడే బయటికి వచ్చినట్టు ఆమె కనిపించాలన్నదే వారి ఉద్దేశం.

ఆ సూటు తిరిగి వచ్చే తీరు చూడండి. మొదటి సగంలో అది ఒక ధనవంతురాలి సహజమైన దుస్తు. రెండో సగంలో స్కాటీ జూడీని దుకాణానికి తీసుకెళ్లి, అచ్చం అలాంటిదే కావాలని ఒక్కొక్క సూటునూ తోసిపుచ్చుతుంటే, జూడీ మూలకు వెళ్లి వద్దని బతిమాలుతుంది. బట్ట అదే, కోత అదే, కానీ ఇప్పుడు అది ఒక మనిషిని చెరిపివేసే సాధనం. నా వృత్తిలో కొలతలు తీసుకునేటప్పుడు ఎదుటి మనిషి తనకు ఏది ఇష్టమో చెబుతుంది; ఆ సన్నివేశంలో మాత్రం కొలతలన్నీ చనిపోయిన ఆడమనిషివి. అందుకే అది చూసినప్పుడల్లా నాకు చాలా బాధ కలుగుతుంది.

జుట్టు సంగతి కూడా చేర్చాలి. మేడలిన్‌ను ఆవహించిందని ఎల్‌స్టర్ చెప్పే, ఎప్పుడో చనిపోయిన కార్లోటా చిత్రపటం ముందు మ్యూజియంలో మేడలిన్ కూర్చున్నప్పుడు కెమెరా ఆమె పక్కన ఉన్న పూలగుత్తిని, చిత్రంలోని పూలగుత్తిని జతగా చూపిస్తుంది. అలాగే ఆమె తల వెనక సుడి తిరిగిన ముడిని, చిత్రంలోని ముడిని చూపిస్తుంది. చివర్లో జూడీ సూటు వేసుకుని, జుట్టుకు రంగు వేయించుకుని వచ్చినా, ముడి వేసుకోలేదని స్కాటీ ఒప్పుకోడు. ఆ ముడి పడితే గానీ అతనికి మేడలిన్ తిరిగి రాదు.

సింధియా రోడ్డు

అమ్మా, మీరు రాసింది చదివాక నా వృత్తి కంటితో నేనూ ఒక సన్నివేశం చూపిస్తాను. నేను సింధియా ప్రాంతంలో ఓడల తయారీలో జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. 1948లో జల ఉష ఓడ నీళ్లలోకి దిగిన ఊరు మనది, కాబట్టి వర్టిగోలో కథను నడిపించే గావిన్ ఎల్‌స్టర్ ఓడల తయారీ వ్యాపారి అన్న సంగతి మన ఊరివాళ్లు పట్టించుకోకుండా ఎలా ఉంటారు?

స్కాటీ అతని ఆఫీసుకు వెళ్లిన సన్నివేశంలో పెద్ద కిటికీ వెనక క్రేన్లు కదులుతుంటాయి. ఎల్‌స్టర్ ఆ వ్యాపారంలోకి పెళ్లి ద్వారా వచ్చానని, ఆ పని తనకు విసుగని చెబుతాడు. అంటే డబ్బు భార్యది, అధికారం ఆమె వైపు నుంచి వచ్చింది. హత్యకు కారణమంతా ఆ మాటలోనే ఉంది, అయినా మొదటిసారి చూసేవారు దాన్ని మామూలు సంభాషణగానే వింటారు. ఇక ఆ గది నిర్మాణం గమనించండి. గదిలో ఒక భాగం మిగతా దానికన్నా ఎత్తుగా, మెట్లు ఎక్కి వెళ్లేలా ఉంటుంది. స్కాటీ కూర్చుని ఉంటే ఎల్‌స్టర్ ఆ ఎత్తయిన భాగం మీద నిలబడి, తన భార్యను ఎవరో చనిపోయిన మనిషి ఆవహించిందన్న కథ చెబుతాడు. ఎత్తంటే భయపడే మనిషికి, ఎత్తున నిలబడి ఒక మనిషి అబద్ధం చెప్పడమన్నమాట.

దీనికి ముందున్న సన్నివేశంలో స్నేహితురాలు మిడ్జ్ ఇంట్లో స్కాటీ తన భయాన్ని కొంచెం కొంచెంగా జయిస్తానని చిన్న స్టూలు మెట్లు ఎక్కి, కిటికీలోంచి కింది వీధిని చూసి ఆమె చేతుల్లోకి పడిపోతాడు. అంతకన్నా ముందు, సినిమా మొదటి దృశ్యంలోనే, ఇంటికప్పు అంచు పట్టుకుని వేలాడుతుంటాడు; అతను అక్కడి నుంచి ఎలా దిగాడో సినిమా చూపించనే చూపించదు. చివరి దృశ్యంలో గంటల గోపురం అంచున చేతులు కొద్దిగా చాచి నిలబడి కిందికి చూస్తాడు. భయం పోయింది, కాపాడుకోవలసిన మనిషి లేదు. ఎత్తు అన్న వివరం ఒక్కటే పట్టుకుని సినిమా అంతా చదవవచ్చు.

లాసన్స్ బే

ఇంకో రెండు సంగతులు నేను చేరుస్తానండీ. మొదటిది: ఎల్‌స్టర్ ఓడల కర్మాగారం గేటు దగ్గర హిచ్‌కాక్ స్వయంగా చేతిలో బూర పెట్టె లాంటిది పట్టుకుని నడిచి వెళతారు. ఆ పెట్టె ఆకారం కూడా వంపు తిరిగి ఉంటుంది కదా, అది ఈ సినిమాలో పదేపదే వచ్చే సుడి ఆకారానికి సూచన అయి ఉండవచ్చు కదా? రెండోది: శ్మశానంలో కార్లోటా సమాధి మీద 1831 డిసెంబర్ 3న పుట్టి 1857 మార్చి 5న చనిపోయినట్టు ఉంటుంది. ఎల్‌స్టర్ చెప్పిన దాన్ని బట్టి మేడలిన్ వయసు 26, ఆత్మహత్య చేసుకున్నప్పుడు కార్లోటా వయసు కూడా అంతే; సమాధి తేదీల లెక్కలో మాత్రం ఆమెకు 25 నిండి 26వ ఏడు నడుస్తోంది. ఈ లెక్క ఇంత దగ్గరగా రావడం నాకు భలే నచ్చింది. ఇలాంటి అంకెలు ఇంకెన్ని దాచి ఉంచారో వెతకాలి.

జగదాంబ బాల్కనీ

రెండో సంగతి బాగుంది తమ్ముడూ, దాని మీద నాకు అభ్యంతరం లేదు. అది స్కాటీకి కూడా కనిపించే వివరం, అతన్ని నమ్మించడానికి పనికొచ్చిన వివరం. మొదటి దాని మీదే నా సందేహం. హిచ్‌కాక్ తన సినిమాల్లో ఒక్క క్షణం కనిపించి వెళ్లడం ఆయన ప్రేక్షకులతో ఎప్పటి నుంచో పాటిస్తూ వచ్చిన ఆనవాయితీ. ఆ పెట్టె కథలో మళ్లీ రాదు, దాన్ని ఎవరూ చూడరు, దానివల్ల ఏదీ మారదు. చర్చ మొదలుపెట్టిన మేడమ్ గారు చెప్పిన మూడు సంగతుల్లో ఒక్కటీ అక్కడ లేదు.

వంపు తిరిగిన ప్రతి వస్తువూ సుడి అయితే, మన ఊరి ఘాట్ రోడ్లన్నీ వర్టిగో నుంచి వచ్చినవే అనుకోవాలి. ఇలాంటి వెతుకులాటలో జాగ్రత్త ఎందుకు అవసరమో గాడ్‌ఫాదర్ విషయంలో తెలిసింది. ఆ 1972 సినిమాలో కమలాపండు కనిపిస్తే మరణం దగ్గరపడినట్టేనని ఎందరో రాశారు, పట్టికలు వేశారు. దాని కళాదర్శకుడు డీన్ టావులారిస్ మాత్రం, చీకటిగా ఉన్న సెట్లలో కంటికి ఆనే ఒక రంగు కావాలని పెట్టామని చెప్పారు. మరోవైపు 2006లో వచ్చిన ది డిపార్టెడ్‌లో చనిపోబోయే మనిషి దగ్గర ఇంటూ గుర్తులు కనబడటం నిజంగా ఉద్దేశపూర్వకమే. 1932 నాటి స్కార్‌ఫేస్ అనే సినిమాకు దర్శకుడు పెట్టుకున్న నమస్కారం అది. బయటికి చూస్తే రెండూ ఒక రకంగానే ఉంటాయి. కాబట్టి వివరం ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క ఒక్కటే చాలదు.

నేను అడిగేది ఒకటే. దర్శకుడి మాట దొరికితే సరే, దొరకనప్పుడు సినిమాలోంచే రుజువు ఎలా తీసుకోవాలి?

వక్రరేఖ

సుడి గురించి గణితం వైపు నుంచి కొంత చెప్పవలసి ఉంది, ఎందుకంటే టైటిల్స్‌లో మనం చూసే ఆకారాలన్నీ నిజానికి సుడులు కావు. టైటిల్స్ రూపొందించినది సాల్ బాస్. ఒక స్త్రీ ముఖం, పెదవులు, ఆపైన కన్ను కనిపించి, తెర ఎరుపెక్కి, ఆ కంటిలోంచి తిరుగుతూ ఆకారాలు బయటికి వస్తాయి. వాటిని గీసింది జాన్ విట్నీ. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలను కూల్చే తుపాకులకు గురి చూపేందుకు చేసిన ఒక యంత్రాన్ని ఆయన ఈ పనికి వాడుకున్నారు. 19వ శతాబ్దపు ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త లిసాజు పేరుతో పిలిచే వక్రరేఖలవి. ఒక బిందువు అడ్డంగా ఒక వేగంతోనూ నిలువుగా మరో వేగంతోనూ ఊగుతుంటే అది గీసే గీత అది. ఆ రెండు వేగాల నిష్పత్తి పూర్ణ సంఖ్యల నిష్పత్తి అయితే గీత తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చి కలుస్తుంది.

సుడి గీత అలా కాదు, అది కేంద్రం నుంచి దూరంగా పోతుంది లేదా కేంద్రంలోకి దిగిపోతుంది, తన దారిని తాను మళ్లీ తాకదు. ఈ సినిమాలో రెండు రకాలూ ఉన్నాయి. గోపురం మెట్లు, మేడలిన్ ముడి, స్కాటీ పీడకలలో అతను పడిపోయే గొయ్యి సుడికి చెందినవి, లోపలికి లాగేవి. తిరిగి మొదటికి వచ్చే గీతకు ఉదాహరణ చెట్టు దుంగ సన్నివేశం: కొట్టేసిన సీక్వోయా మొద్దు మీద 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధం, 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన వంటి గుర్తులు వలయాల వెంట పెట్టి ఉంటే, మేడలిన్ నల్లటి గ్లవ్ వేసుకున్న వేలితో ఇక్కడ పుట్టాను, అక్కడ చనిపోయాను అని చూపిస్తుంది. స్కాటీ వెంబడింపు కూడా ఇలాంటిదే: ఒక రోజు ఆమె కారు వెనక వీధులన్నీ తిరిగి తిరిగి చూస్తే, ఆమె చేరిన చోటు అతని సొంత ఇంటి గుమ్మం.

మెట్ల బావి కిందికి సాగిపోయినట్టు కనిపించే ఆ షాటు సంగతి కూడా చెప్పాలి. కెమెరా ఒక దిశలో జరుగుతూ ఉండగా అదే సమయంలో లెన్స్ దానికి వ్యతిరేక దిశలో జూమ్ అవుతుంది. అందువల్ల చట్రం అంచులు కదలవు, లోతు మాత్రం మారిపోతుంది. రెండో యూనిట్ కెమెరామన్ ఇర్మిన్ రాబర్ట్స్ చేసిన పని అది. నిజమైన మెట్ల మీద అలా తీయడానికి చాలా ఖర్చవుతుందని, మెట్ల నమూనాను నేల మీద పక్కకు పడుకోబెట్టి తీసి 19,000 డాలర్లతో ముగించామని హిచ్‌కాక్ చెప్పారు.

విశాఖ శ్రోత

మీరంతా కళ్లతో చూసినవి రాశారు, నేను చెవులతో విన్నవి రాస్తాను. బెర్నార్డ్ హెర్మన్ సంగీతంలో టైటిల్స్ దగ్గరే ఒక వాద్యవర్గం స్వరాలు పైకి వెళుతుంటే మరొకటి కిందికి దిగుతుంది. వక్రరేఖ గారు చెప్పిన అడ్డం, నిలువు ఊగిసలాట చెవికి వినబడితే ఇలాగే ఉంటుందేమో. కార్లోటా ప్రస్తావన వచ్చినప్పుడల్లా హబనేరా అనే లయ మొదలవుతుంది. స్పానిష్ మూలాలున్న ఆ స్త్రీకి తగిన లయ అది. మ్యూజియంలో చాలా మెల్లగా వినిపించిన ఆ లయే పీడకలలో గట్టిగా, భయపెట్టేలా తిరిగి వస్తుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన పునరావృతి మాత్రం సంభాషణలో ఉంది, దాని గురించి తక్కువమందే రాస్తారు. ఆఫీసులో పాత శాన్ ఫ్రాన్సిస్కో చిత్రాల దగ్గర ఎల్‌స్టర్, ఆ కాలంలో తానుండి ఉంటే బాగుండేదని అంటూ రంగు, ఉత్సాహం, అధికారం, స్వేచ్ఛ అని నాలుగు మాటలు వరుసగా పలుకుతాడు. తర్వాత పుస్తకాల షాపు యజమాని కార్లోటా కథ చెబుతూ, ఆమెను ఉంచుకున్న ధనికుడు బిడ్డను తీసుకుని ఆమెను వీధిలోకి నెట్టేశాడని, ఆ రోజుల్లో మగవాళ్లకు అలా చేసే అధికారమూ స్వేచ్ఛా ఉండేవని అంటాడు. ఆ కథ సాగుతున్నంతసేపూ షాపులో వెలుతురు క్రమంగా తగ్గిపోతుంది. ఇక చివర్లో గోపురం మెట్ల మీద నిజం తెలిసిన స్కాటీ, భార్య డబ్బూ ఆ స్వేచ్ఛా ఆ అధికారమూ దొరికాక ఎల్‌స్టర్ నిన్ను వదిలేశాడు కదా అని జూడీతో అంటాడు.

ముగ్గురు వేర్వేరు మగవాళ్లు, మూడు వేర్వేరు చోట్ల, అవే రెండు పదాలు పలుకుతారు. ఇది రచయితలు కావాలని వేసిన మాట అనడానికి నాకు వేరే సాక్ష్యం అక్కరలేదు. జగదాంబ బాల్కనీ గారు అడిగిన రుజువుకు నా సమాధానం ఇదే: వివరం తిరిగి వచ్చిన ప్రతిసారీ కథలోని అసలు అన్యాయానికి ఇంకొంచెం దగ్గరగా తీసుకెళుతోందా అని చూడాలి.

ఋషికొండ

అందరి రాతలూ శ్రద్ధగా చదివాను. రెండు పూర్తిగా వేరు వేరు రకాల సంకేతాలను మనం ఒకే రాశిలో పోస్తున్నామని నాకు అనిపిస్తోంది. ప్రతి వివరానికీ ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: దీన్ని ఇక్కడ పెట్టింది ఎవరు?

పూలగుత్తి, తల ముడి, చిత్రపటం ముందు గంటల తరబడి కూర్చోవడం, సమాధి దగ్గరికి వెళ్లడం, కార్లోటా వయసుతో వయసు కలవడం, ఇవన్నీ కథలో ఎల్‌స్టర్ పెట్టినవి. జూడీకి నేర్పించి, స్కాటీ చూడాలనే పెట్టినవి. అంటే స్కాటీ చేస్తున్న పని అచ్చంగా మనం చేస్తున్నదే. మళ్లీ మళ్లీ కనిపించే వివరాలను జతపరిచి వాటి వెనక రహస్యం ఉందని నమ్మడం. అతను గొప్పగా గమనిస్తాడు, ఒక్కటి కూడా వదలడు, ప్రతి దానికీ సరైన జత చూపిస్తాడు, అయినా వాటి అర్థం పూర్తిగా తప్పుతాడు, ఎందుకంటే అవి తన కోసమే ఎవరో పేర్చారన్న సంగతి అతనికి తట్టదు.

పచ్చ వెలుగు, ఎత్తు, టైటిల్స్‌లోని గీతలు, హెర్మన్ సంగీతం, అధికారం-స్వేచ్ఛ అన్న మాటలు ఎల్‌స్టర్ పెట్టినవి కావు, అతనికి వాటి గురించి తెలియనే తెలియదు. అవి దర్శకుడూ అతని బృందమూ మన కోసం పెట్టినవి. వాటిని స్కాటీ చూడడు, చూసినా అవి అతనికి సంకేతాలు కావు.

జూడీ రాసి చింపేసిన ఉత్తరం దగ్గర ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఫ్రెంచ్ రచయితలు బొయలో, నార్సెజాక్ రాసిన మూల నవలలో రహస్యం చివరిదాకా దాగి ఉంటుంది. హిచ్‌కాక్ దాన్ని ముందే, జూడీ పరిచయమైన కొద్దిసేపటికే ప్రేక్షకులకు చెప్పేశారు. అక్కడి నుంచి మనం స్కాటీ కళ్లతో చూడటం మానేసి జూడీ భయంతో చూడటం మొదలుపెడతాం. రంగుదారం గారు బాధపడిన ఆ దుకాణం సన్నివేశం మనల్ని అంతగా తాకడానికి కారణం అదే. ఆ సూటు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకూ మనకూ తెలుసు, పక్కనే నిలబడి ఉన్న అతనికి తెలియదు.

రంగుదారం

ఋషికొండ గారూ, మీరు గీసిన ఈ గీత పట్టుకుంటే మిడ్జ్ బొమ్మ సంగతి కూడా నాకు అర్థమైంది. కార్లోటా చిత్రాన్ని అచ్చుగుద్దినట్టు వేసి, ముఖం మాత్రం కళ్లజోడుతో సహా తనదే పెట్టి స్కాటీకి చూపిస్తుంది. ఆమె కూడా ఒక సంకేతం పెట్టడానికే చూసింది, నన్ను కూడా ఒకసారి చూడు అని. అతను ఏమాత్రం నవ్వకుండా వెళ్లిపోతాడు, ఆమె తన జుట్టు తానే పీక్కుంటుంది. అబద్ధంగా పేర్చిన సంకేతాలన్నీ అతను నమ్మాడు, ప్రేమతో నిజంగా ఇచ్చిన ఒక్క సంకేతాన్ని తోసిపుచ్చాడు.

కంఠహారం కూడా ఉంది. చిత్రపటంలో కార్లోటా మెడలో ఉన్న ఎర్రరాళ్ల హారమే చివర్లో జూడీ పెట్టుకుని, కొక్కెం పెట్టమని అద్దం ముందు నిలబడి స్కాటీని అడుగుతుంది. అద్దంలో దాన్ని చూడగానే అతనికి అంతా తెలిసిపోతుంది. ఎల్‌స్టర్ ఒక అబద్ధం కోసం వాడుకున్న వస్తువు, జూడీ దాచుకోవడం వల్ల, చివరికి నిజానికి సాక్ష్యమైంది. ఆ హారాన్ని ఆమె ఎందుకు దాచుకుంది అని అడిగితే, డబ్బు విలువ కోసం అని నేను ఒప్పుకోలేను. ఆ కొద్దిరోజుల ప్రేమకు ఆమె దగ్గర మిగిలిన గుర్తు అది ఒక్కటే.

లాసన్స్ బే

ఎవరు పెట్టారు అన్న ప్రశ్న మన సినిమాలకు కూడా పనికొస్తుందేమో చూశాను. వెంకటేశ్ నటించిన 2014 నాటి దృశ్యంలో కొత్త పోలీస్ స్టేషన్ కట్టడం కథ నడుస్తుండగానే మన కళ్ల ముందు ఉంటుంది. మనం దాన్ని ఊరి నేపథ్యం అనుకుంటాం. చివరి దృశ్యంలో శవం ఆ స్టేషన్ నేల కిందే ఉందని తెలిసినప్పుడు, ఆ కట్టడాన్ని మనకు చూపించింది దర్శకురాలే అయినా, దాన్ని వాడుకున్నది రాంబాబు అని అర్థమవుతుంది. రాంబాబు ఆ ఊళ్లో ఉన్న వివరాలనే వాడుకుని పోలీసుల కళ్లు కప్పుతాడు. ఎల్‌స్టర్ చేసిన పనీ రాంబాబు చేసిన పనీ ఒకటే, ఉద్దేశాలు మాత్రం పూర్తిగా వేరు. ఒకరు హత్య చేయడానికి, ఇంకొకరు కుటుంబాన్ని కాపాడుకోవడానికి.

జగదాంబ బాల్కనీ

మంచి పోలిక తెచ్చావు తమ్ముడూ. ఋషికొండ గారి విభజన నాకు బాగా నచ్చింది, దాన్ని ఇంకొంచెం పరీక్షించాలని ఉంది. ఎర్నీస్‌లోని పచ్చ శాలువా ఏ రాశిలోకి వస్తుంది? ఆ రాత్రి మేడలిన్ అందంగా, గుర్తుండిపోయేలా కనిపించాలని ఎల్‌స్టర్ కోరుకుని ఉంటాడు, కాబట్టి ఆ శాలువా అతను పెట్టిందే. గోడల ఎరుపు ఒక్కసారిగా వెలగడం మాత్రం ఏ రెస్టారెంట్‌లోనూ జరగదు, అది దర్శకుడు చేసిందే. అంటే ఒకే షాటులో రెండు చేతులు పనిచేశాయి.

గోపురం ఇంకా విచిత్రమైనది. శాన్ హువాన్ బటిస్టాలోని ఆ పాత చర్చికి చిత్రీకరణ జరిగిన కాలంలో అంత ఎత్తు గోపురం లేదు. దాన్ని స్టూడియోలో, బొమ్మ గీసి కలిపే పద్ధతిలో చేర్చారు. స్కాటీ మెట్లెక్కలేడని తెలిసి ఎల్‌స్టర్ ఎంచుకున్న ఎత్తు అది, ఎల్‌స్టర్ కోసం సినిమావాళ్లు లేనిచోట కట్టిన ఎత్తు కూడా అదే.

కైలాసగిరి వాసి

చర్చ నేను ఆశించిన దానికన్నా చాలా లోతుకు వెళ్లింది, అందరికీ కృతజ్ఞతలు. ఇక ఈ రెండు రాశుల్లో దేనిలోనూ పడని ఒక సన్నివేశం గురించి మీ అభిప్రాయాలు కోరుతున్నాను. మెకిట్రిక్ హోటల్‌లోకి మేడలిన్ వెళ్లడం స్కాటీ కళ్లారా చూస్తాడు, పై గది కిటికీ దగ్గర ఆమె కోటు విప్పుకోవడం కూడా చూస్తాడు. లోపలికి వెళ్లి అడిగితే, రబ్బరు మొక్క ఆకులకు ఆలివ్ నూనె రాస్తున్న హోటల్ యజమానురాలు ఆమె ఈరోజు రానేలేదని చెబుతుంది. గది తాళం చెవి పలక మీద వేలాడుతూనే ఉంటుంది, గది ఖాళీగా ఉంటుంది, బయట కారు మాయమై ఉంటుంది. జూడీ ఉత్తరం సహా తర్వాత వచ్చే ఏ వివరణలోనూ దీనికి జవాబు లేదు.

సింధియా రోడ్డు

ఆ యజమానురాలికి ఎల్‌స్టర్ డబ్బు ముట్టి ఉంటుందని అనుకోవచ్చు, అలా అనుకుంటే ఈ సన్నివేశం మొదటి రాశిలోకి తేలిగ్గా వెళ్లిపోతుంది. అయినా ఆమె నటిస్తున్నట్టు ఒక్క చూపులో గానీ మాటలో గానీ సినిమా మనకు సూచించదు, ఆ మొక్కతో ఆమె పని ఎంతో నిదానంగా, సహజంగా సాగుతుంది.

ఋషికొండ

నేను దీన్ని దర్శకుడి రాశిలోనే పెడతాను, కారణం చెబుతాను. ఎల్‌స్టర్ పెట్టిన ప్రతి వివరాన్నీ సినిమా రెండో సగంలో ఏదో ఒక రూపంలో తిరిగి తెచ్చి దాని గుట్టు విప్పింది: పూలగుత్తి దుకాణం అద్దాల వెనక మళ్లీ కనిపించింది, సూటు మళ్లీ దొరికింది, ముడి మళ్లీ పడింది, హారం అద్దంలో మెరిసింది. మెకిట్రిక్ హోటల్ మాత్రం తిరిగి రాలేదు, ఆ యజమానురాలూ తిరిగి రాలేదు. స్కాటీ మనసులో దయ్యం కథ అక్కడే నాటుకుంది, ఎందుకంటే అతను స్వయంగా పరీక్షించి జవాబు దొరకని ఒకే ఒక్క సంఘటన అది. ఎల్‌స్టర్ పన్నాగం అంతా మనకు తెలిసిపోయాక కూడా, ఆ ఖాళీ గదిని గుర్తు చేసుకుంటే, మనకూ స్కాటీకున్న ఆ అనుమానం పూర్తిగా తీరదు.

విశాఖ శ్రోత

ఆ సన్నివేశంలో సంగీతం ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ మొదలవుతుంది అన్నది ఈసారి ప్రత్యేకంగా విని ఇక్కడే రాస్తాను. కార్లోటా లయ ఆ గదిలో ఉందో లేదో తేలితే, ఋషికొండ గారి మాటకు బలమో అభ్యంతరమో దొరుకుతుంది.